పెద్దమ్మ కట్టిన సైకిలు

మొన్న వానాకాలం మొదట్లో, అటక మీద చాలా రోజులుగా పడి ఉన్న ఇనప పెనాన్ని దించి, తుప్పు వదలడానికి నానబెట్టిన చింతపండుతో రుద్దుతుంటే పులుపూ ఇనుమూ కలిసిన ఒక వాసన ముక్కుకు తగిలింది. కడపలో నర్సుగా పొద్దంతా మందుల వాసనల మధ్య తిరిగే మనిషిని, మామూలుగా నాకు వంటింటి వాసనలు పట్టవు. ఆ వాసన మాత్రం నన్ను కదలనివ్వలేదు. చేతుల్లోంచి నల్లటి నీళ్ళు కారుతుండగానే ఎర్రగుంట్ల దగ్గర రైలు గేటు పక్క చిన్న గదిలో, గోనెపట్ట మీద కూర్చుని సైకిలు చైను రుద్దుతున్న ఎస్తేరు అనే పిల్లనైపోయాను. చెంపలు వేడెక్కాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సైకిలు గుర్తొస్తే నాకు ముందు కలిగేది సంతోషం కాదు, సిగ్గు.

మా పల్లె ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు పోయే దారిలో ఉంది. ఒక పక్క నాపరాయి గనులు, ఇంకో పక్క సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం, నడుమ నల్లరేగడి చేలు. చలికాలం మంచులో సిమెంటు దుమ్ము కలిసి, రాత్రి ఆరేసిన బట్టలు పొద్దునకి గంజి పెట్టినట్టు బిరుసెక్కేవి. అప్పుడే శనగ చేలు పచ్చగా ఉండేవి. అడ్డదారిన బడికి పోతుంటే ఆకుల మీది పులుపు నీరు తగిలి కాళ్ళ మీద గీరుకున్న చోటల్లా చురుక్కుమనేది, ఆ ఆకునే నాలుగు తుంచుకుని నోట్లో వేసుకుని నమిలేవాళ్ళం. మా ఇళ్ళకు గోడలూ కప్పూ నేలా అన్నీ నాపరాళ్ళే కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు పొయ్యిలో కూర్చున్నట్టుండేది. అవ్వలు తడిపిన గోనెలు పరుచుకుని పడుకుంటే, మేం పిల్లలం వేపచెట్టు నీడలో బండ మీద బొగ్గుతో గళ్ళు గీసి చింతగింజలతో ఆడేవాళ్ళం. ఆషాఢం రాగానే పడమటి గాలి మొదలయ్యేది. ఆ గాలికి ఎదురు నడిచే మనుషులు ఏదో మోస్తున్నట్టు వంగి నడిచేవాళ్ళు, సంకటి తట్టలో ఇసుక పడుతుందని అమ్మ కొంగు అడ్డం పెట్టి ఊరిబిండి పచ్చడి వడ్డించేది.

నాయన నాపరాళ్ళు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. సాయంత్రం రాతిదుమ్ముతో కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడి, ఒక్క పగటిలో ముసలివాడై ఇంటికి వచ్చి, రెండు చెంబుల నీళ్ళు పోసుకోగానే మళ్ళీ వయసులోకి వచ్చేవాడు. మాటలు తక్కువ మనిషి. మా వాడంతా క్రైస్తవులమే. తాతల నాడు కట్టిన రాతి గుడి, దాని గంట, ఆదివారం ఉతికిన తెల్లచొక్కా, ఇవే నాయనకు పరువు.

పెద్దమ్మ అంటే అమ్మకు అక్క, రాహేలమ్మ. ఆమె భర్త రైల్వే గ్యాంగులో పట్టాలు బాగుచేసే పనిలో ఉండి జ్వరంతో చనిపోతే, ఆయనకు బదులుగా ఆమెకు గేటు కాపలా ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు లేరు. పొడుగాటి మనిషి, చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని, బుగ్గన ఆకూవక్క పెట్టుకుని ఉండేది. స్టేషను నుంచి ఫోను మోగగానే ఏదో ఒక కీర్తన అందుకుంటూ, చక్రం తిప్పి గేటు దించేది. రైలు పోయి గేటు పైకి లేచేదాకా ఆ కీర్తన ఆగేది కాదు. జమ్మలమడుగులో హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో, అక్కడి నర్సమ్మ ఒకామె దగ్గరున్న సైకిలు మీద పెద్దమ్మ తొక్కడం నేర్చుకుందట. పెళ్ళైన కొత్తలో భర్తతో గుంతకల్లు పోయినప్పుడు రైల్వే వాళ్ళ సైకిలు పందెం ఒకటి చూసిందట. ‘మనిషి చేప మాదిరి వంగిపోయినాడు మే. కాళ్ళు తప్ప ఏమీ కదలడంలా’ అని ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె చూసింది ఒక్క పందెమే. అది ఆమెను వదల్లేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా నేను బడి నుంచి వస్తూ, ఒక రాళ్ళ ట్రాక్టరును ఎవరిదో సైకిలు మీద దాటి గేటు దగ్గరకు వచ్చాను. అది చూసింది పెద్దమ్మ. మరుసటి వారమే తన భర్త తొక్కిన పాత నల్ల సైకిలును గేటు గదిలో తలకిందులుగా నిలబెట్టింది. మడ్‌గార్డులు, చైను కవరు, స్టాండు, క్యారియరు ఒక్కొక్కటే ఊడదీసి మూల పెట్టింది. ప్రొద్దుటూరులో పాత ఇనుము అమ్మే అంగళ్ళలో వెతికి వెతికి, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు ఒకటి, పిడికెడంత సీటు ఒకటి, చిన్న పళ్ళచక్రం ఒకటి తెచ్చింది. తుప్పు పట్టినవాటిని చింతపండు నీళ్ళలో నానేసి ఇద్దరం రుద్దేవాళ్ళం. కిరసనాయిలు గిన్నెలో చైను ఈదులాడేది. పాదం జారకుండా పెడలుకు పాత బెల్టు ముక్కలు కుట్టింది. చక్రం వంకర తీయడం ఆమెకు ఇష్టమైన పని: ఊచ బిగించి, తిప్పి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ బిగించేది. మధ్యలో ఫోను మోగితే నూనె చేతులతోనే పరిగెత్తి గేటు వేసేది.

అన్నిటికీ మందు దొరికింది గానీ పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను ఒక్కటే సరిగా కుదరలేదు. ఇరుసు అరిగిపోయి ఉండడంతో అంగట్లో దొరికే పిన్నులు వదులయ్యేవి. ఆకురాయితో తానే ఒక లావాటి పిన్నును అరగదీసి బిగించింది పెద్దమ్మ.

ఇక సిగ్గు సంగతి. పావడాతోనో చుడీదారుతోనో ఆ సైకిలు తొక్కడం కుదరదు, చైనులో పడుతుంది. అందుకని పెద్దమ్మ తనకు ఉద్యోగంలో ఇచ్చిన ఖాకీ గుడ్డతో నాకు మోకాళ్ళ దాకా నిక్కరు కుట్టించింది. మా ఊళ్ళో ఆ వయసు ఆడపిల్ల నిక్కరుతో రోడ్డు మీదికి రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. తెల్లారకముందే ముద్దనూరు దారిన పోయి, వెలుతురు వచ్చేసరికి తిరిగి వచ్చేదాన్ని. కానీ గేటు పడి ఉంటే తప్పించుకునే దారి ఉండేది కాదు. సిమెంటు లారీలు, బస్సు, గొర్రెలవాళ్ళు, ఫ్యాక్టరీకి పోయే మనుషులు, అందరూ ఆగి ఉంటారు. రైలు వచ్చేదాకా చూడడానికి వాళ్ళకు ఇంకేం లేదు, నేను తప్ప. నడుముకు తువ్వాలు చుట్టుకుని, తల వంచుకుని నిలబడేదాన్ని. పెద్దమ్మ మాత్రం జెండా పట్టుకుని గదిలోంచి వచ్చి గట్టిగా అనేది:

‘‘ఏమప్పా, రైలు ఆ పక్క నుంచి వస్తాది. ఆ పక్క చూడు!’’

నలుగురూ నవ్వేవాళ్ళు. నాకు ఇంకా సిగ్గయ్యేది.

నాయన ఒకరోజు గేటు దగ్గరకే వచ్చాడు. ‘‘వదినా, ఆడపిల్లకు నిక్కరు తొడిగి రోడ్డు మీద తిప్పుతాండావు. గుడిలో మొగం యాడ పెట్టుకోవల్ల మేము?’’ అన్నాడు.

‘‘దేవుడు కాళ్ళిచ్చింది దాపెట్టుకోమనా? నువ్వు పో, రైలొస్తాది’’ అంది పెద్దమ్మ. నాయన వెళ్ళిపోయాడు. వద్దని నాతో ఒక్క మాటా అనలేదు, కానీ సైకిలు మీద పోయేటప్పుడు నాకు ఎదురు పడకుండా చూసుకునేవాడు.

అయినా తొక్కుతున్నంతసేపూ హాయిగా ఉండేది, అది దాచను. చీకట్లో శనగ చేల మీది చల్లదనం ముఖానికి కొట్టేది. ఆషాఢం గాలికి ఎదురు తొక్కి తొక్కి తొడలు రాయిలా బిగిసేవి, తిరుగు దారిలో అదే గాలి వీపు మీద చెయ్యి వేసి తోసేది. నాపరాళ్ళ ట్రాక్టరు వెనక, గాలి తగలకుండా దాని నీడలో పోవడం నేర్చుకున్నాను. ‘‘కడప ప్యాసింజరు గేటు దాటేలోపల రావల్ల’’ అనేది పెద్దమ్మ. నేను ముందొస్తే పచ్చజెండా ఊపేది, రైలు ముందొస్తే టీ పోసి ఇచ్చేది.

తొమ్మిదో తరగతిలో, కర్నూలులో బడిపిల్లలకు రాష్ట్రస్థాయి సైకిలు పోటీ ఉందని తెలిసి మా డ్రిల్లు మాస్టరు నా పేరు పంపాడు. పెద్దమ్మ సెలవు పెట్టింది. సైకిలును పాత చీరతో బస్సు టాపు మీద కట్టి నంద్యాల మీదుగా కర్నూలు చేరాం. పొద్దున రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. పందెం మొదలయ్యే చోట మిగతా ఆడపిల్లలను చూశాను. ఒంటికి అతుక్కున్న రంగురంగుల బట్టలు, నెత్తిన టోపీలు, వేలితో ఎత్తగలిగేంత తేలిక సైకిళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి నా సైకిలు చుట్టూ తిరిగి, ఎగతాళి ఏమీ లేకుండానే, ‘‘ఇది ఇంట్లో చేసుకున్నారా?’’ అని అడిగింది. అవునని తల ఊపాను. ఆమె అటు పోగానే సైకిలును గోడ వైపుకు తిప్పి నిలబెట్టాను. పెద్దమ్మ అది చూసింది.

ఓర్వకల్లు రోడ్డులో పోయి రావాలి. మొదట్లో గుంపుతోనే ఉన్నాను. పక్కగాలి వీస్తోంది, ఆ గాలి నాకు తెలిసిన గాలి. ఇద్దరు ముగ్గురు వెనకబడ్డారు కూడా. ఆ కాసేపు నేను చేపనే. అప్పుడు ఎడమ కాలి కింద టక్కుమని చప్పుడైంది. ఒక చుట్టు తిరిగితే ఒక టక్కు. పిన్ను వదులైంది. దిగి, రాయి తీసుకుని కొట్టి, ఎక్కాను. గుంపు వెళ్ళిపోయింది. ఇంకొంత దూరం పోయాక పిన్ను ఊడి కింద పడింది. గులకరాళ్ళలో మోకాళ్ళ మీద వెతుకుతుంటే నేను దాటినవాళ్ళు కూడా ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. పిన్ను దొరికింది, వంగిపోయి. దాన్ని మళ్ళీ దిగ్గొట్టాను. అందరి వెనకా వచ్చే జీపు నా పక్కన ఆగింది.

‘‘ఎక్కు పాపా, సైకిలు వెనక ఏస్తాం.’’

‘‘వద్దు సార్.’’

పిన్నును రాయితో కొట్టుకుంటూ, ఆగి ఆగి తొక్కాను. ఆ జీపు అక్కడ నుంచి నా వెనకే, నా అంత మెల్లగా వచ్చింది. దారి పొడవునా మనుషులు ముందు జీపును చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. అది అక్కడ ఉండడమే నాకు పెద్ద అవమానం. చేరేసరికి షామియానా విప్పుతున్నారు. పెద్దమ్మ ఒక్కతే రోడ్డు మీద నిలబడి ఉంది. నా మొహం చూడకముందే ఆమె కళ్ళు పెడలు మీదికి పోయాయి.

‘‘పిన్నా?’’

‘‘ఊ.’’

అట్టపెట్టె పట్టుకుని ఒకాయన వచ్చి, ‘‘పాల్గొన్నోళ్ళందరికీ ఇస్తాండాం, తీసుకో పాపా’’ అని రిబ్బను కట్టిన ఒక ఇత్తడి రంగు బిళ్ళ నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని సంచిలో వేసేశాను. బస్సు ప్రొద్దుటూరు దాటాక పెద్దమ్మ దాన్ని బయటికి తీసి నా మెడలో వేసి, ‘‘ఉండనీలే’’ అంది. ఎర్రగుంట్ల బస్టాండులో, మా గుడిలో గంట కొట్టే దానియేలు తాత ఎదురయ్యాడు.

‘‘ఏమమ్మా రాహేలూ, పాప గెలిచినాదా?’’

పెద్దమ్మ నా మెడ వైపు చూసింది. ‘‘మెళ్ళో బిళ్ళ చూడు మామా’’ అంది.

అంతే. మేం ఇల్లు చేరేలోపల మాట ఊరంతా చేరింది. అమ్మ దిష్టి తీసినంత పని చేసింది. నాయన తెల్లబడిన కనుబొమలతోనే కోడిని కోశాడు. నీళ్ళు పోసుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, కాలి ముక్క నా తట్టలో వేసి, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు: ‘‘నిక్కరు సంగతి అప్పుడేమో అన్నాలే. మనసులో పెట్టుకోవద్దు పాపా.’’

ఆ ముక్కను తట్ట అంచుకు జరిపాను. పెద్దమ్మ వైపు చూశాను. ఆమె డ్యూటీ ఉందని లేచి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారమే మా గుడిలో కోతల పండగ. గుమ్మడికాయలు, జొన్నకంకులు, చెనిక్కాయల మూటలు, చెరుకుగడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ బలిపీఠం ముందు పేర్చి ఉన్నాయి. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. గుడంతా పచ్చి గడ్డి, కోళ్ళు, కొత్త బట్టల వాసన. ప్రార్థన కాగానే పాస్టరయ్య, ‘‘మన సంఘానికి పేరు తెచ్చిన బిడ్డ ముందుకొచ్చి సాక్ష్యం చెప్పల్ల’’ అన్నారు. నాయన లేచి ఆడవాళ్ళ వైపు వచ్చి, నా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయాడు. చిన్నప్పుడు జాతరలో పట్టుకున్నాక ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే.

దేవుడికి స్తోత్రం అని మొదలుపెట్టి, దేవుని గుడిలో అబద్ధం ఎట్లా చెప్పాలో తెలియక, ‘‘నేను గెలవలేదు’’ అన్నాను. ‘‘అందరికన్నా కడాన వచ్చినా. ఈ బిళ్ళ అందరికీ ఇచ్చినారు.’’

కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దానియేలు తాత లేచి నిలబడి, ‘‘మరి రాహేలు చెప్పిందే...’’ అని ఆగిపోయాడు. గుడిలో తలలన్నీ పెద్దమ్మ వైపు తిరిగాయి. ఆమె ముసుగు నుదుటి మీదికి లాక్కుని తల వంచుకుంది. లారీల వాళ్ళనందరినీ గదమాయించే మనిషి. నేను కడాన వచ్చినందుకు పడిన సిగ్గు వేరు, నా మాట వల్ల ఆ తల అట్లా వంగినందుకు పడిన సిగ్గు వేరు. రెండోది ఎక్కువ బాధించింది.

ముందు వరసలో కూర్చున్న సుందరమ్మ అవ్వకు చెవుడు. ఏం జరిగిందో సగమే వినబడి, ‘‘శానా దూరమా మే?’’ అని గట్టిగా అడిగింది. శానా దూరమే అన్నాను. ‘‘దిగకుండా పోయినావా?’’ ‘‘దిగినా అవ్వా. మళ్ళా ఎక్కినా.’’ ఆమె సరే అన్నట్టు తల ఊపింది. పాస్టరయ్య గబగబా కీర్తన ఎత్తుకున్నారు. నాయన వేలం పాటకు ఆగకుండా ఇంటికి పోయాడు.

తర్వాతి రోజులు చెడ్డవి. బడిలో నన్ను ‘కడానా’ అని పిలిచారు. నాయన తిట్టలేదు, కొట్టలేదు. తిని, చెయ్యి కడుక్కుని, బయటికి పోయేవాడు. తిడితే బాగుండుననిపించేది. పెద్దమ్మ మా ఇంటికి రాలేదు. నేను గేటు వైపు పోకుండా, చేల గట్ల మీదుగా, కల్వర్టు కింద నుంచి పట్టాలు దాటి బడికి పోయాను. సైకిలు ఆమె గదిలోనే ఉండిపోయింది.

ఒక సాయంత్రం అమ్మ ఎర్రగుంట్లకు పంపితే తిరిగి వస్తూ, పెద్ద గాలీ దుమ్మూ లేచి చేలదారి కనబడక, రోడ్డు మీదనే నడిచాను. గేటు దగ్గరకు రాగానే నా ముందే కొయ్య కిందికి దిగింది. రెండు పక్కలా లారీలు ఆగాయి. రోజూ నన్ను చూసే డ్రైవరు ఒకతను తల బయట పెట్టి అరిచాడు: ‘‘ఏం సైకిలు పాపా, కర్నూల్లో గెలిచినావంటనే!’’

నేను నోరు తెరిచేలోపల పెద్దమ్మ జెండాతో బయటికి వచ్చింది. గాలికి మాట ఎగిరిపోకుండా, ఆ పక్క లారీల వాళ్ళకు కూడా వినబడేట్టు అంది:

‘‘గెలవలేదప్పా. కడాన వచ్చినాది. నేను బిగించిన పిన్ను ఊడిపోయినాది. రాయితో కొట్టుకుంటా కొసదాకా తొక్కినాది. తెలిసిందా?’’

డ్రైవరు తల లోపలికి తీసుకున్నాడు. గూడ్సు బండి వచ్చి, అంతులేనట్టుగా, బొగ్గుపొడి చల్లుకుంటూ పోయింది. అది పోయేదాకా పెద్దమ్మ పచ్చజెండా చాచి పట్టుకుని నిలబడింది. ఆ రోజు కీర్తన లేదు. గేటు ఎత్తి, లారీలు కదిలాక, నా దగ్గరకు వచ్చి, నేల వైపు చూస్తూ, ‘‘ఆ పొద్దు బస్టాండులో నోరు రాలేదు మే. పిన్ను నాదని చెప్పల్సి వస్తాదని’’ అంది. జెండా చుట్టుకుంటూ, ‘‘చైను తుప్పు పట్టినాది. రేపు రా’’ అంది.

మరుసటి వారం నాయన, నేను అన్నం తింటుంటే, జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి తట్ట పక్కన పెట్టాడు. ఫ్యాక్టరీలో మిషను మీద కొత్తగా కోయించిన పిన్ను. మెరుస్తోంది. ‘‘వదినకియ్యి’’ అని మాత్రం అన్నాడు.

ఇంకో రెండేళ్ళు తొక్కాను. ఏమీ గెలవలేదు. ఒకసారి అనంతపురంలో నడిమధ్యన వచ్చాను, అదే ఎక్కువ. నేను నర్సింగు చదవడానికి కర్నూలు పోయాక, పెద్దమ్మ ఆ సైకిలుకు మడ్‌గార్డులు, క్యారియరు మళ్ళీ బిగించి, మామూలు సైకిలు చేసి, రిటైరయ్యేదాకా డ్యూటీకి దాని మీదే పోయింది. ఇప్పుడు ఆమె లేదు. ఆమె చనిపోయినప్పుడు నాకు సెలవు దొరక్క సమాధి చేశాక చేరాను. అదొక సిగ్గు, దానికి ఎవరి ముందూ లేచి చెప్పే వీలు కూడా లేదు.

పెనం రుద్దిన ఆదివారమే స్కూటరు మీద మా ఊరికి పోయాను. గేటు లేదు, పైన వంతెన కట్టేశారు. దాని కింద పెద్దమ్మ గది కప్పు ఊడిపోయి, లోపల కంపచెట్లు మొలిచాయి. శనగ చేలల్లో సగం రాళ్ళ గుట్టలయ్యాయి. వంతెన నడిమధ్యన ఆగి కిందికి చూశాను. గూడ్సు బండి ఒకటి పోతోంది. ఇప్పుడు దాని కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. ఆగి, పక్కన నిలబడ్డ మనిషి ఎవరో, ఏం తొడుక్కుందో, గెలిచిందో ఓడిందో చూడనక్కర్లేదు. ఆ చూపులకు నేను ఎంత కుంచించుకుపోయానో నాకు తెలుసు. అవి లేని రోడ్డు ఇంత బోసిగా ఉంటుందని మాత్రం తెలియదు.

వెనక నుంచి సిమెంటు లారీ హారను కొట్టింది. స్కూటరు పక్కకు తీశాను. డ్రైవరు నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.